బండి అవలంబనం

34 సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పినవాడి చెవికి ‘సస్పెన్షన్’ అన్న మాట మంగళప్రదంగా వినిపించదు. ఆ మాట వినగానే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నుండి వచ్చే గోధుమరంగు కవరూ, విచారణా, సగం జీతమూ కళ్ళ ముందు మెదులుతాయి. అందుచేత, పోయిన మాఘమాసంలో ఒక మరమ్మతుశాల కుర్రవాడు నా కారు చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి “సస్పెన్షన్ పోయిందండీ” అన్నప్పుడు, పోతే మంచిదే కదా, ఉత్తర్వులు రద్దయినట్లే కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం.

ఆ మాటకు మన పాఠ్యపుస్తకాల్లో ఒక తెలుగు రూపం ఉన్నది: అవలంబనం. లోలకాన్ని వ్రేలాడదీసే చోటు అవలంబన బిందువు. నీళ్ళలో కరగక తేలియాడే సుద్దపొడి వంటి మిశ్రమం రసాయనశాస్త్రం వారికి అవలంబనం. ‘లంబ’ అంటే వ్రేలాడుట. విలంబం, ఆలంబం, అవలంబం అన్నీ దాని సంతానమే. విచిత్రమేమంటే మన భాషలో వ్రేలాడటమూ, ఆధారపడటమూ ఒకే కడుపున పుట్టాయి. కొమ్మను పట్టుకొని వ్రేలాడేవాడికి ఆ కొమ్మే గదా ఆలంబన! ఐరోపాలో పూర్వం దొరల గుఱ్ఱపు బండ్లలో కూర్చునే పెట్టెను తోలుపట్టీలతో నిజంగానే వ్రేలాడదీసేవారు. పట్టీలు పోయినా, ఆ వ్రేలాడదీత పేరులో మిగిలిపోయింది.

ఇంత చెప్పి, ‘అవలంబనం’ అన్న మాటను తెనాలిలో ఏ మరమ్మతుశాలలోనైనా వాడి చూడమంటే నాకే ధైర్యం చాలదు. అక్కడి భాష వేరు, దాని సొగసు వేరు. లారీల క్రింద దొంతరగా ఉండే ఉక్కు పట్టీలను ‘కమాను కట్టలు’ అంటారు. కమాను అంటే పారసీకంలో విల్లు. వంగి, మళ్ళీ తన ఆకారానికి వచ్చేదానికి ఇంతకంటె మంచి పేరు పండితుల సంఘం కూర్చుని ఆలోచించినా దొరకదు. స్పానరును ‘పానా’ అంటారు, షాక్ అబ్జార్బరును ‘షాకబ్జర్’ అంటారు. నేను కూడా ఇకమీదట ఆ భాషనే అనుసరిస్తాను.

మా చిన్నతనంలో ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఇరుసు, చక్రం, ఆ చక్రం ఊడిపోకుండా కడచీల, పైన బండి. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవాడి పండ్లకు చేరేది. వరిగడ్డి పరచుకొని కూర్చోవటమే అప్పటి షాకబ్జరు. స్టేషను దగ్గర జట్కాలకు కమానులుండేవి. అందుకే జట్కా ఎక్కటం ఒక దర్జా. తరువాత అంబాసిడరు వచ్చింది; దాని వెనుక భాగం కమాను కట్టల మీదనే నిలిచేది, ముందుభాగంలో మాత్రం మెలిపడి బిగుసుకొనే ఉక్కు కడ్డీలు స్ప్రింగుల పని చేసేవి. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చి, ముందు చక్రాలకు స్ట్రట్ అనే నిలువు స్తంభాన్ని మధ్యతరగతి ఇళ్ళలోకి తెచ్చింది. స్ప్రింగూ, షాకబ్జరూ, చక్రం తిరిగే కీలూ మూడూ ఒకే నిలువులో ఇమిడిన ఆ ఏర్పాటును 1940ల దశకంలో రూపొందించినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు. తక్కువ చోటు, తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు. లోకంలోని చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల దగ్గర నేటికీ అదే ఆధారం.

మా ఇంట ఉన్నది 2006లో క్రొత్తగా కొన్న మారుతీ 800. 2014 జనవరిలో ఆ కార్ల తయారీ ఆగిపోయింది. మా బండి మాత్రం ఆగలేదు. దానిని అమ్మి మరొకటి కొనమని పిల్లలు పోరుతూనే ఉన్నారు. నేను వినిపించుకోకపోవటానికి పిసినారితనం కొంత కారణం కావచ్చును, దాచను. కాని ఈ ఏడు విషయం అంత తేలికగా లేదు. మా ఆవిడకు 2022లో నడుముకు శస్త్రచికిత్స జరిగింది. మూడు నెలలకొకసారి గుంటూరు వెళ్ళి వైద్యునికి చూపించుకోవాలి. కుదుపులు తగలకూడదన్నది ఆయన మొదటి ఆజ్ఞ. బస్సు మాట తలపెట్టడానికే లేదు. నందివెలుగు మీదుగా గుంటూరు వెళ్ళివచ్చిన రోజున ఆవిడ రెండు పూటలు మంచం దిగలేకపోతూంటే, దోషం రోడ్డుదా, బండిదా అన్నది నాకు పాండిత్యచర్చగా మిగలలేదు.

రోడ్డుదీ దోషం ఉన్నది. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకొని నెఱ్ఱెలు విచ్చుతుంది. దాని మీద వేసిన తారు ఎంత నున్నగా ఉన్నా, రెండు వానలూ రెండు ఎండలూ గడిచేసరికి అలలు తేలుతుంది. ఇవి గాక, కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ కాపలాగా పెట్టిన రాళ్ళు, ధాన్యం ఎత్తిన తరువాత కూడా అక్కడనే ఉంటాయి. ఊరికి మూడు చొప్పున ఎవరి ఇష్టం వచ్చిన ఎత్తున వారు పోసుకొన్న స్పీడు బ్రేకర్లు. రోడ్డును నేను బాగుచేయలేను. బండిని చేయగలనా?

మరమ్మతుశాలలో వారు కారును జాకీ మీదికి ఎత్తకుండానే, చక్రం విప్పకుండానే, ఒక పెద్ద పట్టిక వ్రాసి ఇచ్చారు. ముందూ వెనుకా షాకబ్జర్లు, స్ప్రింగులు, స్టీరింగు ర్యాకు, బేరింగులు. మొత్తం చూస్తే నా పింఛనులో మూడు నెలలది. “ఇంత పెట్టేకంటె అమ్మేసుకోండి మాస్టారూ, మా దగ్గరే మంచి సెకండ్‌హ్యాండు బండ్లున్నాయి” అన్నది ఆ పట్టికకు ఫలశ్రుతి. రోగిని తాకకుండా చీటీ వ్రాసే వైద్యుడి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను.

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడొకడు లారీల మెకానిక్కుగా పేరు తెచ్చుకొన్నాడు. బళ్ళో ఉండగా సంధులకు భయపడి వెనుక గోడ దూకేవాడు. ఫోను చేస్తే ఆదివారం ప్రొద్దున్నే వచ్చాడు. “నేను చేసిపెడతానండీ, మీరు కుర్చీలో కూర్చోండి” అన్నాడు. “నీవు చెప్పు, నేను చేస్తాను. నా చేతులతో బిగించితే గాని మీ అమ్మగారిని అందులో కూర్చోబెట్టలేను” అన్నాను. వాడొక నవ్వు నవ్వి, “అయితే ముందు వినాలండి. విప్పటం తరువాత” అన్నాడు. పాత్రలు ఇలా తారుమారు కావటం నాకెంతో ఇష్టమైంది.

వినటంలో మా ఇంట మొదటి ర్యాంకు ఆవిడది. నేను స్టీరింగు పట్టుకొని రోడ్డు చూస్తూంటాను. ఆవిడ ఎడమ ప్రక్క కూర్చొని బండిని వింటుంది. ఆవిడ ఇచ్చిన వాఙ్మూలం ఇది: “పెద్ద గోతిలో పడితే ఒక్కటే దెబ్బ, ధన్‌మని. అది అంత బాధ లేదు. చిన్న చిన్న గతుకుల మీద మెల్లగా పోతున్నప్పుడు నా ఎడమకాలి క్రింద లొటలొట. బ్రేకు తొక్కినప్పుడు ఒకసారి టక్. మలుపు తిరిగేటప్పుడు ఇంకొకసారి.” మా శిష్యుడు ఆ వాక్యాలను శ్రద్ధగా విని, “సగం పని అమ్మగారే చేసేశారండి” అన్నాడు. మెల్లని గతుకుల మీద లొటలొట అంటే వదులైన కీలు. బ్రేకుకు టక్‌మంటే చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే రబ్బరు బుష్షు అరిగినట్లు.

మిగిలిన సగం పరీక్షలు ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోదగినవే కాబట్టి కొంత వివరంగా వ్రాస్తాను. బానెట్టు మూలన రెండు చేతులతో బలంగా క్రిందికి నొక్కి వదలాలి. బండి ఒకసారి పైకి లేచి కుదురుకుంటే షాకబ్జరు బ్రతికి ఉన్నది. లేచి, దిగి, మళ్ళీ లేచి ఉయ్యాల ఊగితే దాని పని అయిపోయింది. మాది ఎడమవైపు మూడు సార్లు ఊగింది. స్ట్రట్ గొట్టం నూనె కారి, దుమ్ము పట్టి, అప్పడాల పిండిలా ఉన్నది. కుడివైపు నూనె లేదు గాని ఊపు ఉన్నది. టైరును చేతితో తడిమితే అంచున గుంటలు గుంటలుగా అరిగి ఉన్నది. రోడ్డును అంటిపెట్టుకొని ఉండక చక్రం ఎగురుతూ పరుగెత్తుతున్నదనటానికి అది సాక్ష్యం. ఎగిరే చక్రానికి బ్రేకు పట్టదు. కాబట్టి షాకబ్జరన్నది సుఖానికి మాత్రమే సంబంధించిన వస్తువు కాదు.

తరువాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా క్రిందా, అంటే గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల, పట్టుకొని ఊపాలి. ఆడితే రెండు కారణాలు: చక్రం బేరింగు, లేదా అడుగున ఉన్న బాల్ జాయింటు. ఏదో తేల్చటానికి మా శిష్యుడు చెప్పిన ఉపాయం నాకు తర్కశాస్త్రంలోని పరీక్షలా తోచింది. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఆట ఆగిపోతే దోషం బేరింగుది. అప్పటికీ ఆడుతూంటే బాల్ జాయింటుది. ఆవిడను కదలనీయక, ప్రక్కింటి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తొక్కించాము. ఆట ఆగలేదు. లోయరు ఆర్మ్ క్రింద గడ్డపార కొన పెట్టి మెల్లగా ఎత్తితే, బంతి తన గిన్నెలో టక్‌మని లేచింది. ఆవిడ వరండాలో నుండి “అదే, ఆ చప్పుడే!” అన్నది. చక్రాన్ని అడ్డంగా, 3, 9 అంకెల దగ్గర, ఊపితే ఆట లేదు. అంటే స్టీరింగు టై రాడ్లు బాగున్నవి. మరమ్మతుశాల పట్టికలో ర్యాకూ, బేరింగులూ, స్ప్రింగులూ అలా కొట్టివేయబడ్డాయి. బాల్ జాయింటు మాత్రం ఆ పట్టికలోనే లేదు.

ఆ లేనిదే ప్రాణాంతకమైనది. శరీరశాస్త్రంలో తుంటి కీలును బంతి గిన్నె కీలు అంటారు, ఇదీ అదే. చక్రం ఎక్కుతూ దిగుతూ, అదే సమయంలో ఎడమకూ కుడికీ తిరగాలంటే మరొక రకం కీలు పనికిరాదు. మారుతీ వంటి బండిలో బరువు స్ట్రట్ మీదుగా పైకి పోతుంది. అడుగున ఉన్న బాల్ జాయింటు బరువు మోయదు, చక్రాన్ని దాని చోట పట్టి ఉంచుతుంది. బాగా అరిగిన నాడు బంతి గిన్నెలో నుండి ఊడి వస్తుంది. అప్పుడు చక్రం అడుగుభాగం బయటికి మడతపడి, బండి ఆ మూలన నేల మీద కూలబడుతుంది. అది ఇంటి ముందు జరగవచ్చు. గుంటూరు దారిలో ఎదురుగా లారీ వస్తూండగానూ జరగవచ్చు. మూడు నెలలుగా మేము ఆ కీలు మీద ప్రయాణం చేస్తున్నాము.

మా మిత్రులొకరు భౌతికశాస్త్రం చెప్పి విరమించుకొన్నవారు. సాయంకాలం వచ్చి అరుగు మీద కూర్చొని నాకొక పాఠం చెప్పారు. స్ప్రింగు మీద కారు శరీరం ఊగే వేగం సుమారుగా సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఉండేటట్లు చూస్తారట. అది మనం నడిచే అడుగుల లయకు దగ్గరది కనుక ఒంటికి పట్టదు. చక్రం మాత్రం తనంత తాను సెకనుకు 10, 15 సార్లు దడదడలాడగలదు. కూర్చున్న మనిషి నిలువునా కలిగే కంపనాలలో సెకనుకు 4 నుండి 8 సార్లు వచ్చేవాటికి అందరికంటె ఎక్కువ బాధపడతాడు. వెన్నెముకా, పొట్టలోని అవయవాలూ ఆ లయలో తోడు ఊగుతాయి. షాకబ్జరు చచ్చిన బండిలో నడుముకు ఎందుకు శిక్ష పడుతుందో అప్పుడు అర్థమైంది. స్ప్రింగు తన మీద పడిన ప్రతి దెబ్బనూ జ్ఞాపకం పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చెబుతుంది. షాకబ్జరు ఆ జ్ఞాపకాన్ని చెరిపివేస్తుంది. ముషలకం ఒకటి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టుతుంది, ఊపు వేడిగా మారి గాలిలో కలుస్తుంది. లోపల ఇంతకంటె రహస్యం లేదు. సీలు అరిగి నూనె కారిపోతే మిగిలేది జ్ఞాపకాలు మాత్రమే ఉన్న స్ప్రింగు.

సామాన్లకు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాము. తయారీ ఆగి ఇన్నేళ్ళయినా మారుతీ 800 భాగాలకు అక్కడ కరవు లేదు. కష్టం దొరకటంలో కాదు, దొరికినదానిని నమ్మటంలో. ఒకే లోయరు ఆర్మ్ మూడు ధరలకు మూడు పెట్టెల్లో ఉన్నది. మా శిష్యుడు ప్రతిదానినీ తీసి, బంతికి ఉన్న మరను వ్రేళ్ళతో పట్టి వంచి చూశాడు. మంచిదానిలో బంతి బిగువుగా, జిగటగా, ఎక్కడా అంటుకోకుండా తిరుగుతుంది. చవుకదానిలో క్రొత్తగా ఉండగానే జారుతుంది. రబ్బరు తొడుగును వ్రేలితో నొక్కి, దానిలో చీలిక లేదని చూశాడు. ఆ తొడుగు చిరిగిందంటే దుమ్ము లోపలికి పోయి కందెనతో కలిసి సానరాయిలా మారుతుంది; ఎంత గొప్ప ఉక్కయినా నిలవదు. ముందు స్ట్రట్లు రెండు, వాటి తలల మీద ఉండే రబ్బరు మౌంట్లు రెండు, బాల్ జాయింటుతో సహా లోయరు ఆర్ములు రెండు, స్టెబిలైజరు బారు బుష్షులు, క్రొత్త నట్లు, స్ప్లిట్ పిన్నులు కొన్నాము. కుడివైపు లోయరు ఆర్మ్ ఇంకా కొంతకాలం వచ్చేదే. షాకబ్జర్లు మాత్రం ఏనాడూ ఒంటిగా మార్చరాదు. ఒక కాలికి క్రొత్త చెప్పూ, ఒక కాలికి పాతదీ వేసుకొన్నట్లు బండి బ్రేకులో ఒక ప్రక్కకు లాగుతుంది. మొత్తం ఖర్చు ఆ మరమ్మతుశాల పట్టికలో మూడవ వంతు కాలేదు.

ఇక పని. ముందు రోజు రాత్రే ప్రతి బోల్టుకూ తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాము. ప్రొద్దున చక్రం నేల మీద ఉండగానే దాని నాలుగు నట్లూ కొద్దిగా సడలించాలి; గాలిలో ఉన్న చక్రం పానాతో పాటు తానూ తిరుగుతుంది. వెనుక చక్రాలకు హ్యాండ్‌బ్రేకు, ముందూ వెనుకా ఇటుకలు. ఇటుకల పని అంతవరకే. బండి బరువును ఇటుకల మీద నిలపటం ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇటుక పగిలేముందు చెప్పదు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఉక్కు స్టాండ్లు రెండు చట్రం క్రింద పెట్టి, బండిని వాటి మీదికి దించి, భుజంతో త్రోసి, కదలదని తేల్చుకొన్న తరువాతనే మా శిష్యుడు నన్ను క్రిందికి వంగనిచ్చాడు. విప్పిన చక్రాన్ని కూడా బండి క్రిందికే దొర్లించి పెట్టాడు. “స్టాండు జారినా చక్రం మీద పడుద్దండి, మీ మీద కాదు” అన్నాడు. ఎనిమిదో తరగతిలో ఇంత ముందుచూపు ఎక్కడ దాచాడో.

బాల్ జాయింటు మరను స్టీరింగు నకిల్ పట్టి ఉంచే బోల్టు గంటన్నరసేపు మా ఇద్దరినీ పరీక్షించింది. అక్కడ బలం పనికిరాదు. కొంచెం వదులు, కొంచెం బిగింపు, మళ్ళీ నూనె, మళ్ళీ కొంచెం వదులు. ఒకేసారి లాగితే బోల్టు తల తెగి చేతికి వస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. చివరకు కీచుమని ఒక చప్పుడు చేసి కదిలింది. ఆ తరువాత స్టెబిలైజరు బారు చివరి నట్టు. ఈ బండిలో ఆ బారుకు రెండు ఉద్యోగాలు. మలుపులో బండి ఒరగకుండా చూడటం ఒకటి. లోయరు ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టటం రెండవది. అందుకే దాని కొసన ఉన్న వ్రేలెడు రబ్బరు బుష్షు చితికితే బ్రేకు వేసినప్పుడు టక్‌మంటుంది. మా దాంట్లో బుష్షు అనదగినది ఏమీ మిగలలేదు. ఎండిన ఉసిరికాయ తొక్కల వంటి నాలుగు ముక్కలు రాలినవి. నట్టుకు అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్నును తీసి చూస్తే, ఎడ్లబండి ఇరుసు చివరి కడచీలే కళ్ళకు కట్టింది. ఇనుము సన్నబడింది గాని ఆలోచన అదే.

పాత ఆర్మ్ బయటికి రాగానే మా ఆవిడకు చూపించాను. బంతి పట్టుకొంటే గలగలలాడింది. రబ్బరు తొడుగు చిరిగి, లోపల కందెన బదులు ఎఱ్ఱని తుప్పుపొడి. ఆవిడ దానిని కాగితంలో పట్టుకొని అటూ ఇటూ త్రిప్పి చూసి, “నా నడుము ఎక్స్‌రే చూపించి డాక్టరు చెప్పిన కథే ఇది. మధ్యన ఉండే మెత్తనిది అరిగిపోయింది, ఎముకా ఎముకా ఒరుసుకొంటున్నాయి” అన్నది. కాసేపాగి, “దీనికైతే విజయవాడలో దొరికింది” అన్నది. నేను పానా తుడుస్తూ ఉండిపోయాను.

స్ట్రట్ తీయటం చూడటానికి సులభం: అడుగున రెండు బోల్టులు, పైన బానెట్టు లోపల నట్లు. కాని అడుగు బోల్టులు తీయగానే నకిల్ బయటికి వాలిపోతుంది. దానిని పట్టి ఉంచేది బ్రేకు గొట్టమూ, ఇంజను నుండి చక్రానికి పోయే షాఫ్టూ మాత్రమే. ఆ రెండూ బరువు మోయడానికి పుట్టినవి కావు. బ్రేకు గొట్టం క్లిప్పు ముందే విడదీసి, నకిల్‌ను మంచం నవారుతో పైకి కట్టి ఉంచాము.

ఇక్కడ ఇంటిపని ఆగాలని నా నిశ్చితాభిప్రాయం. స్ట్రట్ బయటికి వచ్చినా, దాని చుట్టూ ఉన్న స్ప్రింగు ఇంకా నొక్కబడే ఉంటుంది. నడినెత్తిన ఉన్న ఒక్క నట్టు దానిని పట్టి ఉంచుతుంది. స్ప్రింగును సాధనంతో బిగించి పట్టకుండా ఆ నట్టు విప్పినవాడి ముఖాన ఆ తల ఫిరంగిగుండులా వచ్చి తగులుతుంది. కొక్కేల సాధనాలు దుకాణాల్లో అద్దెకూ దొరుకుతాయి, యూట్యూబులో విప్పి చూపించేవారూ ఉన్నారు. కొక్కెం ఒక్కటి జారితే చాలు. మేము రెండు స్ట్రట్లనూ స్కూటరు మీద పెట్టుకొని, మా శిష్యుడి షెడ్డుకు పోయి, నేలకు బిగించిన ప్రెస్సు క్రింద స్ప్రింగులు మార్చించుకొని వచ్చాము. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు నన్ను ఆరడుగుల దూరాన నిలబెట్టాడు. “ఇక్కడ మాత్రం మీరు చదవొద్దండి” అన్నాడు.

బిగింపులో ఒక్క విషయం మాత్రం తప్పక చెప్పాలి. చాలామంది మెకానిక్కులు తొందరలో దీనిని దాటవేస్తారని మా శిష్యుడే ఒప్పుకొన్నాడు. లోయరు ఆర్మ్ లోపలి కొసన ఉండే రబ్బరు బుష్షు బేరింగులా తిరగదు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఒక ఉక్కు గొట్టం, రెండింటికీ అంటుకొని మధ్యన రబ్బరు. ఆర్మ్ పైకీ క్రిందికీ పోయినప్పుడు ఆ రబ్బరు మెలిపడి, మళ్ళీ సాపవుతుంది. చక్రం గాలిలో వ్రేలాడుతూండగా బోల్టు బిగించివేస్తే, ఆ వ్రేలాడే స్థితే దానికి విశ్రాంతిస్థితి అయిపోతుంది. బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది. నిలబడి ఉన్నా మెలికే, రాత్రి షెడ్డులో ఉన్నా మెలికే. అలాంటి బుష్షు చూస్తూండగానే చిరుగుతుంది, నెపం మాత్రం తయారీ మీదికి పోతుంది. అందుకని ఆ బోల్టులను చేతి బిగువుతో వదలి, లోయరు ఆర్మ్ క్రింద రెండవ జాకీ పెట్టి, బండి స్టాండు మీద నుండి వెంట్రుకవాసి లేచేవరకు ఎత్తి, అంటే బండి తన బరువు మీద తాను నిలిచే స్థితికి తెచ్చి, అప్పుడు గట్టిగా బిగించాము. ఎంత గట్టిగా అన్నదానికి కూడా లెక్క ఉన్నది. బిగువును కొలిచే పానా మా శిష్యుడు తెచ్చాడు. మరమ్మతు పుస్తకం ఆవిడ చేతిలో ఉన్నది. ఆవిడ వరండాలో దిండ్ల మధ్య కూర్చొని అంకె చదవటం, నేను పానా మీద ఆ అంకె పెట్టటం, టిక్‌మనగానే “అయింది” అనటం, ఆవిడ పెన్సిలుతో గీత పెట్టటం. హాజరు పట్టీ పిలిచినట్లు రెండు వైపులా అన్ని బోల్టులూ పలికినవి.

సాయంకాలం ఐదయింది. బట్టల సంగతి అడగకండి.

మరునాడు వీల్ అలైన్‌మెంటుకు తీసుకుపోయాము. స్ట్రట్ విప్పి బిగించిన తరువాత చక్రాల వాలు, మొగ్గు ఎంతో కొంత మారక తప్పదు. అది సరిచేయకపోతే క్రొత్త టైరు కూడా ఒక అంచునే అరుగుతుంది. అక్కడి యంత్రం తెర మీద ఎఱ్ఱగా ఉన్న అంకెలు ఒక్కొక్కటే ఆకుపచ్చకు తిరిగాయి. వారం తరువాత, ఖాళీ బండితో పరిసర గ్రామాలన్నీ తిరిగివచ్చి, అన్ని నట్లూ మరొకసారి పానాతో చూసి, అప్పుడు గుంటూరు బయలుదేరాము.

ఆవిడ నందివెలుగు దాటేవరకు మాట్లాడలేదు. నేను ప్రతి గతుకు దగ్గరా ఓరగా ఆవిడ ముఖం చూస్తున్నాను. “ముందు చూసి నడపండి” అన్నది. లొటలొట లేదు. బ్రేకుకు టక్ లేదు. స్పీడు బ్రేకరు ఎక్కి దిగితే బండి ఒక్కసారి తల వంచి లేచి, కుదురుకొన్నది. తిరిగి వచ్చేటప్పుడు సీటు వెనక్కు వాల్చుకొని కాసేపు కునుకు తీసింది. 2022 తరువాత బండిలో ఆవిడ నిద్రపోవటం నేను చూడలేదు. ఆ రాత్రి వంటింట్లో తానే నిలబడి చారు కాచింది. రోడ్డు అలలు అలాగే ఉన్నాయి, రాళ్ళూ అక్కడే ఉన్నాయి, నడుమూ ఆ నడుమే. మధ్యన ఉన్న మెత్తనిది మాత్రం క్రొత్తది.

మంచం మీద పడుకొని లైటు తీసేముందు, “ఇప్పుడు వెనుక కుడిచక్రం దగ్గర ఒకటి వినిపిస్తోంది సుమండీ. ముందు చప్పుడులో ఇన్నాళ్ళూ అది కలిసిపోయినట్లుంది. పెద్దది కాదు, కిర్రు కిర్రుమని” అన్నది. మా శిష్యుడికి ఫోనులో ఆ ధ్వనిని అనుకరించి వినిపించాను. వెనుక షాకబ్జరు అడుగు బుష్షు అయి ఉంటుందన్నాడు. ఆదివారం వస్తానన్నాడు.